గొంగడి పుట్టి ఎందుకు మునిగింది

ఆ పుట్టి నేను ఎక్కినందుకు మునగలేదు. ఈ మాట ఇంట్లో చెప్పాను, బోరింగు దగ్గర చెప్పాను, పెళ్లిళ్లలో పక్కన కూర్చుని తినేవాళ్లకు కూడా చెప్పాను. అందరూ తల ఊపుతారు. ఊపి, "ఏమోనమ్మా, నువ్వు ఎక్కకపోతే ఎట్లుండునో" అంటారు. అందుకని ఇప్పుడు మొదటి నుంచి, ఏదీ వదలకుండా చెబుతాను.

మా అత్తగారి ఊరు పాలమూరు వైపు మెట్ట ఊరు. నేను కోడలిగా వచ్చిన నాటికి చెరువు అనే పేరు ఉండేది గానీ, అందులో తుమ్మచెట్లు మొలిచి మా గొర్రెలు మేసేవి. తెలంగాణ వచ్చాక పూడిక తీశారు. ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. తర్వాత కాలువ నీళ్లు వచ్చాయి, పైన వానలు కూడా పడ్డాయి. ఒక ఏడు చెరువు నిండి మత్తడి దునికింది. మత్తడి అంటే, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే గోడ. అది దునకడం చూసి ఊరంతా కట్ట మీద నిలబడి చప్పట్లు కొట్టింది. మా మామ మాత్రం చాలాసేపు చూసి, "మేత పాయె" అన్నాడు.

నాకు ఆ నీళ్లను చూస్తే చేతులు ఊరుకోలేదు. మా పుట్టిల్లు కృష్ణ ఒడ్డున. మా బాపుకు కూడా గొర్రెలే. ఏటా మేత కోసం మందను ఏరు దాటించి నల్లమల వైపు తోలేవాడు. దాటించేది పుట్టిలో. వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి గంప, దానికి చుట్టూ డాంబర్ పూసిన గుడ్డ. గొర్రెలను కొన్ని కొన్ని ఎక్కించేవాళ్లు. గొర్రెపిల్లలను పట్టుకోవడానికి నేను. పుట్టి నడిపే తాత నా చేతికి తెడ్డు ఇచ్చి తాను బీడీ ముట్టించుకునేవాడు. పుట్టికి ముందూ లేదు, వెనకా లేదు. పక్కన తెడ్డు వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ముందు కూర్చుని, ఎదుటి నీళ్లను మన ఒళ్లోకి లాక్కోవాలి. అంతే. పెళ్లయిన తర్వాత ఇరవై ఏళ్లకు పైగా తెడ్డు పట్టలేదు. పట్టడానికి మా ఊళ్లో నీళ్లెక్కడివి?

ఆ ఏడే యువజన సంఘం పిల్లలు పడవల పోటీ పెట్టారు. ఆటో మీద మైకు కట్టుకుని వాడవాడా తిరిగి చెప్పారు. పడవ కొన్నది కాకూడదు, ఇంట్లో చేసినది కావాలి. ఇంజను ఉండకూడదు, చేతులతోనో కాళ్లతోనో నడపాలి. పడవకు ఇద్దరు ఉండాలి. మత్తడి దగ్గర బయలుదేరి, చెరువు నడుమ ఉన్న ఏనుగు గుండు అనే పెద్ద బండను చుట్టి తిరిగి రావాలి. గెలిచిన వాళ్లకు పొట్టేలు. చివర్లో ఇంకో మాట కూడా చెప్పారు. "అక్కలకు, అమ్మలకు కట్ట మీద ముగ్గుల పోటీ ఉంటది. ముగ్గుపిండి ఎవలది వాళ్లే తెచ్చుకోవాలె."

ఆ పొట్టేలును సర్పంచ్ మా మంద నుంచే కొన్నాడు. మా మామకు అది చేతులారా పెంచిన పొట్టేలు. తోలుకుపోయేటప్పుడు వెనక్కి తిరిగి అరిచిందట. ఆ పూట అన్నం ముందు కూర్చుని, "మన పొట్టేలు మన ఇంటికే రావాలె. మనం గూడ పడవ కడదాం" అన్నాడు.

ఈ ఇంట్లో పుట్టి ఎక్కింది నేనొక్కదాన్నే. తెడ్డు నా చేతికే వస్తుందనుకున్నాను.

"గొర్రెపిల్లలను మూసే పెద్ద గంప ఉంది గద మామా," అన్నాను. "దానికి యూరియా సంచులు విప్పి కుడదాం. పైకెల్లి డాంబర్ పూద్దాం. మా దిక్కు గట్లనే చేస్తరు."

"డాంబరా? రోడ్డుకు పూసేదా?" మామ నవ్వాడు. "రేపు మల్ల పిల్లలు ఆ గంప కింద పంటయా? వాసనకే సస్తయ్. మనకు డాంబర్ ఎందుకు, గొంగడి లేదా?"

మా మామ గొంగడి నేసే మనిషి. ఇంటి వెనక గుంట మగ్గం ఉండేది. నల్ల గొర్రె ఉన్ని వడికి, చింతగింజలు వేయించి, పొట్టు తీసి విసిరి, గంజి కాచి నూలుకు పట్టించి నేసేవాడు. ఆ గంజి పట్టిన గొంగడి కప్పుకుని కాపరి వానలో రోజంతా నిలబడినా లోపల బనీను తడవదు. కానీ అప్పటికి ఎవరూ గొంగళ్లు అడగడం లేదు. కాపరులు కూడా ప్లాస్టిక్ కోట్లు వేసుకుంటున్నారు. మగ్గం గుంటలో కోళ్లు పొదుగుతున్నాయి. ఊరంతా చూసేచోట తన గొంగడి నీళ్ల మీద తేలాలని ఆయనకు ఎంత ఉందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

"మామా, గొంగడి వానకు ఆగుతది. చెరువుకు ఆగదు. వాన మీద పడి జారిపోతది, చెరువు కిందనే ఉంటది గద."

"నలపై ఏండ్ల సంది కప్పుకుంటున్న పిల్లా. గొంగడి సంగతి నాకు చెప్తవా?"

"నువ్వు ఊకో," అన్నాడు మా ఆయన. "ఏటి ఒడ్డున పుట్టినంత మాత్రాన అన్నీ నీకే ఎరుకనా?"

మా మరిది కంచంలోంచి తల ఎత్తకుండానే, "వదినె ముగ్గు మంచిగేస్తది, ముగ్గుల పోటీల బహుమతి మనదే" అన్నాడు. అప్పుడు వాడికి చారు పోయకుండా గిన్నె లోపల పెట్టేశాను.

రెండు గొంగళ్లు కలిపి గంప చుట్టూ కుట్టారు. నాకు దక్కిన పని గంజి కాచడం. మూడు రోజులు చింతగింజలు విసిరాను. నేసే గొంగడికి పట్టించే దానికంటే నాలుగింతలు చిక్కగా కాచమన్నాడు మామ. దాన్ని కుంచెతో గోడకు మెత్తినట్టు మెత్తాడు. ఎండలో పెట్టాడు, మళ్లీ మెత్తాడు. చివరికి వేలితో కొడితే డప్పులాగా మోగింది. గంపను బోర్లించి, నన్ను బిందెతో నీళ్లు పోయమన్నాడు. పోశాను. నూనె రాసిన తల మీద నుంచి జారినట్టు జారిపోయాయి. గంప కింద చెయ్యి పెట్టి, పొడిగా ఉన్న అరచెయ్యి అందరికీ చూపించాడు.

"చుక్క దిగిందా?"

"పైకెల్లి పోస్తే దిగది మామా. గొడ్ల తొట్టిల నీళ్లు నింపి ఒక్కపూట దాంట్ల పెట్టి చూద్దాం."

మామ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. "కట్టమైసమ్మకు కొబ్బరికాయ కొట్టకముందు నీళ్లల్ల పెడ్తరా? ట్రాక్టరు కొన్నోడు పూజ గాకముందు దున్నుతడా? ఏం మాటలు మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

మా ఊళ్లో సైకిల్ కొన్నా నిమ్మకాయ తొక్కించందే ఎక్కరు. తొట్టిలో పెట్టి చూడటం తప్పయింది. నేను ఒక్క పని మాత్రం చేసుకున్నాను. వడ్రంగం చేసే వడ్ల ఆయనతో వేపచెక్క తెడ్డు ఒకటి చెక్కించాను. పిడి నా పిడికిలికి సరిపోయేలా సన్నగా చెక్కమన్నాను. మా ఆయన దాన్ని చూసి, "పిడి గింత సన్నగుందేంది?" అని గుడ్డ చుట్టుకున్నాడు.

పోటీ రోజు కట్ట మీద జాతరలాగా ఉంది. మిర్చిబజ్జీ బండ్లు వచ్చాయి. బడి పంతుళ్లు ఇద్దరు నులక మంచం కింద నాలుగు నీలం డ్రమ్ములు కట్టుకొచ్చారు. ఇంకొకరు ట్రాక్టరు ట్యూబుల మీద పాత తలుపు పరిచారు. మరొకరు బెల్లం వండే కడాయే తెచ్చారు. చేపలు పట్టేవాళ్లను పోటీలో చేర్చుకోలేదు, వాళ్లకు నీళ్లు అలవాటు కాబట్టి. వాళ్లు ట్యూబులు తొడుక్కుని, మునిగినవాళ్లను పట్టుకోవడానికి నీళ్లలో నిలబడ్డారు. అలవాటు ఉన్నవాళ్లు పనికిరాని పోటీ ఇదేమోనని, ముగ్గుపిండి గిన్నె చంకలో పెట్టుకుని నిలబడిన నాకు అనిపించింది.

కొబ్బరికాయ కొట్టారు. మామ గంప అంచుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి, పసుపునీళ్లు చల్లి, నీళ్లలో దింపించాడు. తేలింది. నిజంగానే తేలింది. జనం ఈలలు వేశారు. మామ తల మీది రుమాలు తీసి మళ్లీ చుట్టుకున్నాడు. నాకూ ఒక్క క్షణం, నేనే తప్పేమో అనిపించింది. అనిపించాలనే కోరుకున్నాను కూడా.

ఆ తర్వాత మొదలయ్యాయి మాటలు. సర్పంచ్ మాట్లాడాడు. ఆయన మీద పోటీ చేసి ఓడిపోయిన ఆయన కూడా మాట్లాడాడు, మైకు ఇవ్వకపోతే అలుగుతాడని. తక్కిన పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. మా గంప ఒక్కటే నీళ్లలో, తాడు కట్టి ఉంది. నేను కిందికి దిగి మామ దగ్గరికి పోయాను.

"మామా, గంపను ఒడ్డుకు పెట్టుండ్రి. అప్పటి సంది నీళ్లు గుంజుతాంది."

"దించినదాన్ని మల్ల బయటికి తీస్తే అపశకునం."

"నడిచే ముంగట దించొచ్చు గదా?"

"కొబ్బరికాయ అయిపాయె గద!"

కట్ట మీద ముగ్గు గీతల్లో నుంచి గొర్రెలు నడిచి పోయాయి. నాది సగం చెరిగింది. నేను మళ్లీ దిద్దలేదు. గంపనే చూస్తున్నాను. అంచుకు కట్టిన మిరపకాయలు మొదట నీళ్లకు జానెడు పైన ఉన్నాయి. రెండో ఆయన మాటలు అయ్యేసరికి తోకలు నీళ్లలో ఉన్నాయి.

ఈల వేయకముందు, ప్రతి పడవా ఒడ్డు దగ్గర ఒక చుట్టు తిరిగి చూపించాలన్నారు. మా ఆయన, మరిది ఎక్కారు. చెరోపక్క కూర్చుని, చెరో తెడ్డు పట్టి, బలం కొద్దీ కొట్టారు. గంప ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టింది.

"పిండి గిర్నీ తిరుగుతాందిరో!" అని కట్ట మీద నుంచి ఎవరో అరిచారు.

"జొన్నలు తెమ్మంటవా?" అని ఇంకొకరు.

"పక్కకు గాదు, ముంగట వెయ్యి! నీళ్లను నీ దిక్కు గుంజుకో!" అని నేను గొంతు పోయేలా అరిచాను. మైకులో పాట పెట్టారు. నా మాట నాకే వినపడలేదు.

మా మరిదికి కళ్లు తిరిగాయి. ఒడ్డుకు రాగానే దిగి, తుంగలో కూర్చుని, తాగిన కల్లంతా కక్కాడు. మైకు పిలగాడు, "ఇద్దరు లేకపోతే పడవ పోటీల లేనట్టే" అని చెప్పాడు. మామ చుట్టూ చూశాడు. మా వాళ్లెవరూ ముందుకు రాలేదు. అందరికీ మెట్ట కాళ్లు. పొట్టేలును కట్టేసిన గుంజ వైపు చూశాడు మామ.

నేను చీర కుచ్చిళ్లు దోపుకున్నాను. "నేనెక్కుత."

"ఆడమనిషివా?" అన్నాడు మామ. అప్పటికే మా ఆయన చేతిలోంచి నా తెడ్డు లాక్కుని, పిడికి చుట్టిన గుడ్డ విప్పి పారేశాను. మా ఆయన జరిగి చోటిచ్చాడు.

కాలు పెట్టగానే తెలిసింది. గంప అడుగున చల్లటి తడి. మా ఆయన లుంగీ అంచు కూడా తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. అప్పుడే దిగిపోవలసింది. కానీ తెడ్డు చేతిలో ఉంది, ఎదురుగా నీళ్లున్నాయి. దిగలేదు. ఆ ఒక్క తప్పు మాత్రం నాదే, ఒప్పుకుంటాను.

ఈల వేశారు. "నువ్వేం జెయ్యకు. నడుమ కదలకుండ కూసో," అని మా ఆయనకు చెప్పాను. పెళ్లయిన తర్వాత నేను చెప్పిన మాట ఆయన అలా విన్నది అదొక్కసారే. ముందుకు వంగి నీళ్లను ఒళ్లోకి లాక్కున్నాను. ఒకటి, రెండు. గంప ఒకసారి తల ఊపి, తిన్నగా సాగింది. చేతులు మరిచిపోలేదు. కడాయి తిరుగుతూనే ఉంది. తలుపు మీది వాళ్లు జారి నీళ్లలో పడ్డారు. పంతుళ్ల మంచాన్ని దాటాం. వాళ్లలో ఒకాయన, "అగో, పెద్దమ్మ పోతాంది!" అన్నాడు. కట్ట మీద ఆడవాళ్లు ముగ్గులు వదిలేసి లేచి నిలబడ్డారు. నేను వెనక్కి చూడలేదు గానీ గాజుల చప్పుడు విన్నాను.

సగం దూరం పోయేసరికి తెడ్డు బరువెక్కింది. నా చెయ్యి అలిసిందనుకున్నాను. చెయ్యి కాదు. గంప చుట్టూ నీళ్లు తెల్లగా, గంజిలాగా మారాయి. నేను మూడు రోజులు కాచిన గంజి. ఆ గంజికి చేపలు మూగాయి. చిన్నా పెద్దా ఎగిరెగిరి పడుతున్నాయి. కాపలా ఉన్న చేపలాయన ఈదుతూ వచ్చి, "గిది పడవ గాదు వదినా, ఎర! జర గిట్లనే ఉండుండ్రి, వల తెస్త!" అని నవ్వాడు.

"నీళ్లొస్తున్నయే," అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

"తెలుసు. గుండు దాక పోదాం."

ఏనుగు గుండు దగ్గరికి అందరికంటే ముందు చేరింది మేమే. ఇది చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. గుండుకు తెడ్డు ఆనించి తిరుగుదామనుకున్నాను. గంప తిరగలేదు. పాలిచ్చే బర్రె బురదలో కూర్చున్నట్టు, చప్పుడు లేకుండా కిందికి కూర్చుంది. నేను గుండు మీదికి దూకాను. మా ఆయనను చేపలాయన జుట్టు పట్టుకుని లాగాడు. ఒడ్డున మైకు పిలగాడికి నవ్వు ఆగలేదు. "అమ్మ ఎక్కింది, పడవ మునిగింది!" అన్నాడు. ఏదో నోటికొచ్చింది అన్నాడు పాపం. కట్టంతా ఆ మాట పట్టుకుంది. నేను చెరువు నడుమ రాయి మీద, తడిచీరలో, చేతిలో తెడ్డుతో నిలబడి ఆ మాట విన్నాను.

పొట్టేలును పంతుళ్లు గెలిచారు. గంపను బయటికి లాగడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది. గొంగళ్లు అంత నీళ్లు తాగాయి. మామ వాటిని విప్పి కట్ట మీద ఆరేసి, పక్కనే కూర్చున్నాడు. ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అటు పోయే ప్రతి మనిషికీ ఒకటే మాట చెప్పాడు. "ఇద్దరు మొగోళ్లు కూసుంటే తేలింది. కోడలు ఎక్కినంక మునిగింది. కండ్లార జూసిండ్రు గద అందరు."

అది అబద్ధం కాదు. అదే నా బాధ. జరిగినదాంట్లో రెండు ముక్కలు తీసి చెబుతాడు. నడుమ మాటలయ్యే దాకా నీళ్లలో నానిన సంగతి ఉండదు, అడుగున తడి ఉండదు, గంజి ఉండదు.

ఇంట్లో మా ఆయనను అడిగాను. "నేను ఎక్కకముందే నీ లుంగీ తడిసిందా, లేదా?"

"తడిసింది."

"మరి చెప్పవైతివి?"

"బాపు ముంగట ఎట్ల చెప్పాలె? గొంగళ్ల మీద పానం పెట్టుకున్నడు."

"నా మీద పడ్డ మాట సంగతేంది?"

"నీకేమైతది? రెండు రోజులంటరు, మరిచిపోతరు."

రెండు రోజులు కాదు. ఆ తర్వాత ఎవరి మోటారు కాలిపోయినా, ఎవరి బండి గుంతలో దిగబడినా, "పెద్దమ్మ గిట్ల ఎక్కిందా ఏంది?" అని నవ్వడం మా ఊళ్లో అలవాటైంది. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారు.

మరుసటి ఏడుకు నేనే పుట్టి కట్టాను. ఎవరినీ అడగలేదు. అదే గంప. యూరియా సంచులు విప్పి రెండు వరసలు కుట్టాను. మహబూబ్‌నగర్ నుంచి డాంబర్ తెప్పించి, కరిగించి పూశాను. గొడ్ల తొట్టిలో ఒక పూట కాదు, రెండు పూటలు పెట్టి చూశాను. చుక్క దిగలేదు. కానీ ఆ ఏడు సంఘం పిల్లల్లో వాళ్లకు వాళ్లకు పడక పోటీ పెట్టలేదు. ఆ మరుసటి ఏడు చెరువే సగం కూడా నిండలేదు. నా పుట్టిని దొడ్లో బోర్లించి, కింద గొర్రెపిల్లలను మూయడం మొదలుపెట్టారు. డాంబర్ వాసనకు ఒక్క పిల్లా చావలేదు. వానలో కూడా వెచ్చగా పడుకున్నాయి.

నిరుడు చెరువు మళ్లీ మత్తడి దునికింది. పోటీ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు మందను తోలేసిన తర్వాత, పుట్టిని నెత్తిన పెట్టుకుని, తెడ్డు పట్టుకుని చెరువుకు పోయాను. ఎవరూ లేరు. కొబ్బరికాయ కొట్టలేదు. ఏనుగు గుండును చుట్టి వచ్చాను. ఊరికే ఇంకోసారి కూడా చుట్టాను. ఒడ్డుకు వచ్చేసరికి కట్ట కింద మామ ఉన్నాడు, మందతో. ఎప్పటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

మెల్లగా దిగి వచ్చాడు. ఇప్పుడాయనకు నడుము వంగింది. పుట్టి అంచు పట్టుకుని, లోపలికి చెయ్యి పెట్టి, అడుగంతా తడిమాడు. చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. అయినా పంచెకు తుడుచుకున్నాడు.

"దీంట్ల తడి లేదు," అన్నాడు.

ఇన్నేళ్లకు తన తప్పు ఒప్పుకుంటాడేమోనని ఆయన ముఖంలోకి చూశాను.

"ఒక్కదానివే కూసున్నవ్ గద. గందుకే."

"అయితే రా మామా. నువ్వు గూడ కూసో. ఇద్దరం పోయొద్దాం," అన్నాను. అంచు మీద పాదం ఆనించి, పుట్టి కదలకుండా పట్టుకున్నాను.

ఆయన నీళ్ల వైపు చూశాడు. పుట్టి వైపు చూశాడు. కర్ర ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "గొర్లను ఎవలు జూస్తరు?" అన్నాడు.

"ఎక్కడికి పోతయ్ మామా? అగో, గడ్డి మేస్తున్నయ్."

వినలేదో, విననట్టు ఉన్నాడో. "ట్రీయ్, ట్రీయ్" అని అదిలించుకుంటూ, కదలకుండా మేస్తున్న గొర్రెల వైపు నడిచాడు. నేను పుట్టిని పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను. ఆయన తిరిగి చూడలేదు. పొద్దు వాలుతోంది, గొర్రెపిల్లలను మూసే వేళయింది. పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను.